బండికి ఊపిరి తెచ్చిన అసిరయ్య

ఊ కొడుతూ వినండి. ఊ కొట్టకపోతే ఈ కథ కొండ ఎక్కదు.

అనగా అనగా, కొండకు కొత్తగా దారి పడిన రోజుల్లో, ఆ దారి మీద ఒక నల్లకారు తిరిగేది. అది ఎప్పటిదో ఎవరికీ తెలియదు. పైన ఉన్న పల్లెలన్నిటికీ అదొక్కటే బండి. జ్వరమొస్తే అదే, పెళ్లికూతురు దిగాలన్నా అదే, సంతకు చింతపండు దించాలన్నా అదే.

కారు గౌరమ్మది. నడిపేది అసిరయ్య. అసిరయ్యకు ఇల్లు లేదు, ఆలి లేదు. కారు వెనక సీటే అతని మంచం. ఎవరు ఏం చెప్పినా సరే అనేవాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకునేవాడు. బండి ఎక్కేవాడు. అంతే.

అలా ఉండగా కారుకు జబ్బు చేసింది. నిలబెట్టిన చోటల్లా నూనె కారేది. వెనకనుంచి నీలంగా పొగ వచ్చేది. ఆగి ఉన్నప్పుడు చలిజ్వరం వచ్చిన మనిషిలా వణికేది.

అసిరయ్య మొదటి మెకానిక్ దగ్గరికి పోయాడు. ఇంజను అరిగిపోయిందన్నాడు ఆయన. సరే అన్నాడు అసిరయ్య. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. బండి ఎక్కాడు.

రెండో మెకానిక్ దగ్గరికి పోయాడు. నూనె కారే చోటల్లా ఆయన కొత్త ప్యాకింగులు వేశాడు. వారం తిరక్కుండానే అవీ తడిసిపోయాయి. సరే అన్నాడు అసిరయ్య. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. బండి ఎక్కాడు.

మూడో మెకానిక్ మస్తానయ్య. మంచివాడు. బానెట్ ఎత్తి చాలాసేపు చూశాడు. ముసలిదైపోయింది, ఇక పాత ఇనుముకు ఇచ్చెయ్యమని గౌరమ్మకు చెప్పమన్నాడు.

గౌరమ్మకు కూడా అదే మంచిదనిపించింది.

"సంత అయ్యాక ఇచ్చేద్దాం అసిరయ్యా. దారిలో ఎవరి ప్రాణమైనా పోతే ఆ పాపం మనకెందుకు?"

సరే అన్నాడు అసిరయ్య. ఈసారి తువ్వాలు దులపలేదు. దానితో మొహం తుడుచుకున్నాడు.

సంత ఇంకా రాలేదు. ఒక పొద్దున పైపల్లెనుంచి కబురొచ్చింది. చిలకమ్మకు నొప్పులట. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసిందట. అసిరయ్య బండి తీశాడు. చిలకమ్మ అత్త బంగారమ్మ కోడల్ని వెనక సీటులో పడుకోబెట్టి, తల ఒళ్లో పెట్టుకుంది. కింది ఆసుపత్రికని కారు కొండ దిగడం మొదలుపెట్టింది.

మొదటి మలుపు దాటింది. రెండో మలుపు దాటింది. మూడో మలుపులో బానెట్ కింద ఏదో టప్పుమంది. పొగ కమ్మేసింది. అసిరయ్య బండిని దారి అంచున ఉన్న రాతిగోడ పక్కన ఆపేశాడు.

బానెట్ ఎత్తి చూస్తే, నూనె కొలిచే కడ్డీ దానంతటదే ఎగిరి బయటికొచ్చేసింది. ఇంజను మీదంతా నూనె. ఇటు కొండ, అటు లోయ. మరో బండి రాదు. వెనకనుంచి చిలకమ్మ మూలుగు.

బంగారమ్మ కిటికీలోంచి ఏమైందని అడిగింది. కడ్డీ ఎగిరిపోయిందనీ, నూనె పొంగిందనీ చెప్పాడు. ఆమెకు కార్ల సంగతి తెలియదు. కుండల సంగతి తెలుసు.

"పొంగితే కుండదేటి తప్పు, నాయనా? మూత బిగుసుకుంటే ఆవిరెటు పోద్ది?" అంది.

అసిరయ్య ఆ మాటకు ఆగాడు. నూనె పోసే మూత తీసి, ఇంజను తిప్పి చూశాడు. ఆ నోట్లోంచి బుస్సు బుస్సుమని ఆవిరి తన్నుకొచ్చింది. లోపలి గాలి బయటికి పోయే దారి ఏదో మూసుకుపోయిందని అప్పుడు అర్థమైంది. ఇంజను ఆపి వెతకడం మొదలుపెట్టాడు.

ఒక గొట్టం ఊడదీశాడు. శుభ్రంగా ఉంది. ఇంకో గొట్టం ఊడదీశాడు. అదీ బాగుంది. మూడోది కార్బురేటరు కిందనుంచి వచ్చి ఇంజను పైమూతలో దిగుతోంది. దాని చివర, రబ్బరు కట్టులో ఇరుక్కుని, బొటనవేలంత ముక్క. ఇన్నేళ్లూ దాన్ని తుడిచాడే గాని, ఇదేమిటని ఎన్నడూ ఎవరినీ అడగలేదు. మెల్లగా లాగితే ఊడొచ్చింది. మసి పట్టి బొగ్గులా ఉంది.

వేడి ఇంజనుకు దూరంగా, గోడ దగ్గరికి పోయి, దాన్ని పెట్రోలులో కడిగాడు. తడి పోవాలని చెవి పక్కన విదిలించాడు. చప్పుడు లేదు. మళ్లీ కడిగి విదిలించాడు. చప్పుడు లేదు. మూడోసారి కడిగి విదిలించాడు. టిక్కుమంది. లోపల ఇరుక్కుపోయిన చిన్న పిన్ను కదిలింది.

ముక్కను గొట్టానికి తగిలించి, ఇంజను తిప్పి, రెండో కొసన వేలు పెట్టి చూశాడు. పసిబిడ్డ చప్పరించినట్టు అది వేలిని లోపలికి లాగింది. అసిరయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంజను ఆపి, ముక్కను రబ్బరు కట్టులో కూర్చాడు. కడ్డీ గుచ్చి, డిక్కీలో ఉన్న నూనె పోసి, మూత బిగించాడు. బండి తీశాడు. వణుకు తగ్గింది. మిగతా మలుపులన్నీ దిగేసింది.

ఆసుపత్రి వరండాలో బిడ్డ ఏడుపు వినిపించింది. తల్లీబిడ్డా క్షేమమని చెప్పారు. అసిరయ్య మెట్టుమీద కూలబడి చాలాసేపు నవ్వుకున్నాడు.

మర్నాడు ఆ ముక్కను మస్తానయ్యకు చూపించాడు. మస్తానయ్య చెవి దగ్గర ఆడించి, తనకు తట్టనే లేదే అని నవ్వాడు. ఇంజను ఊపిరి వదిలే దారి ఇదేననీ, దీన్ని పీసీవీ వాల్వు అంటారనీ చెప్పాడు. పాత సామాను పెట్టె అంతా గాలించి కొత్తది తీశాడు. ఇద్దరూ కలిసి కొత్త వాల్వు, కొత్త రబ్బరు కట్టు, కొత్త గొట్టం వేశారు. నూనె కారడం ఆగిపోయింది. గౌరమ్మ వచ్చి, నిలబడి ఉన్న కారు బానెట్ మీద అరచెయ్యి ఆనించి చూసింది. ఇంజను తిరుగుతున్నా వణుకు లేదు.

"ఇక దీన్ని ఎవరికీ ఇవ్వను," అంది.

ఆ తరువాత కొండదారిలో ఎవరి బండి పొగలు కక్కుతూ కనబడినా అసిరయ్య ఆగేవాడు. ముందు ఆ వాల్వు తీసి ఆడించి చూసేవాడు. అది పాడైతే, తన దగ్గరున్న కొత్త వాల్వు ఇచ్చేసి పోయేవాడు. చాలా ఏళ్లు అలా బతికి, ఒక మధ్యాహ్నం ఆ వెనక సీటులోనే నిద్రలో పోయాడు. కారులో అతనిదంటూ ఒక దుప్పటి, ఒక కొత్త వాల్వు దొరికాయి. దుప్పటి అతనితోనే పోయింది. వాల్వును మస్తానయ్య తీసుకెళ్లి, మూడో మలుపు గోడలో ఉన్న గూట్లో పెట్టాడు. కావలసినవాళ్లు తీసుకుంటారని.

ఎవరో తీసుకున్నారు. తీసుకున్నవాళ్లు మరొకటి తెచ్చి పెట్టారు. ఆ గూడు ఈనాటికీ ఖాళీగా లేదు. కొండ ఎక్కే పాతబండ్ల డ్రైవర్లు ఆ మలుపులో ఆగి, వాల్వు తీసి ఆడిస్తారు. టిక్కుమంటే, అసిరయ్య పలికాడని చెప్పుకుని బయల్దేరతారు.

కార్లు లేని ఇళ్లలో కూడా అతని పేరుంది. ఏ కోడలో, ఏ కూతురో దుఃఖం కడుపులో పెట్టుకుని మూల కూర్చుంటే, పెద్దవాళ్లు పక్కన చేరి వీపు నిమురుతారు. "మూత తియ్యి తల్లీ. మూత బిగిస్తే అసిరయ్య బండైనా ఎంతకని తట్టుకుంటది?" అంటారు.

అప్పుడు ఆ పిల్ల ఏడుస్తుంది. ఏడ్చి, చెబుతుంది. చెప్పాక అన్నం తింటుంది.