తోడుబండ మీది రాయని ఆకు

పూర్వం నల్లకోనలో మేఘమార్గమనే మతం వర్ధిల్లుతున్న కాలాన, దాని స్థాపకుడైన మేఘస్వామి పరమపదించిన పిమ్మట, ఆయన పలుకులన్నిటినీ ఒక్క ప్రామాణిక గ్రంథంగా కూర్చవలెనని శిష్యులు ఈ కొండ మీద సభ తీర్చారు. సభకు పెద్ద సోమదత్తుడు. మహాపండితుడే గాని, చిన్నపిల్లవాడిలా దేన్నయినా ఆరా తీయనిదే అన్నం సహించని మనిషి.

స్వామి వెంట ఉండి ఆయన పలుకులు రాసిపెట్టి, తానూ కాలం చేసిన లేఖకుడి తాటాకులే వారికి ఆధారం. కూర్పంతా సజావుగా సాగి చిట్టచివరి ఆకు దగ్గర చిక్కుపడింది. దాని ముందరి ఆకులో, మల్లసాని అనే తల్లి "సచ్చిపోయిన నా బిడ్డ యాడున్నాడు సామీ?" అని స్వామిని అడిగినట్టుంది, జవాబుండవలసిన ఆకు మీద మాత్రం ఏమీ లేదు. గంటం మొనతో గీసిన అక్షరం మసి పూస్తేనే గదా కంటికి ఆనేది, అని ఎంత మసి పూసి తుడిచినా వట్టి ఆకే మిగిలింది. బిడ్డ స్వర్గంలో ఉన్నాడని ఒక పక్షం, మళ్ళీ పుట్టాడని మరో పక్షం పట్టుబట్టి, ఆ జవాబు తామే రాస్తామని గంటాలు ఎత్తాయి. ఏ మాట గ్రంథానికెక్కినా రెండోవారు మతం విడిచిపోవడం ఖాయం. స్వామి పెంచిన సమాజం తన కళ్ళముందే చీలిపోతుందని సోమదత్తుడికి గుండె బరువెక్కింది. అంతకుమించి, స్వామి నిజంగా ఏమని ఉంటారా అన్న కుతూహలం ఆయనను కుదురుగా కూర్చోనివ్వలేదు.

విచిత్రమేమంటే, అడిగిన మనిషినే అడుగుదామని అంతవరకూ ఎవరికీ తోచలేదు. సోమదత్తుడు కొండ దిగి వాకబు చేసి, తల ముగ్గుబుట్టయిన మల్లసానిని బతిమాలి సభకు తోడ్కొని వచ్చాడు.

"అమ్మా, ఆనాడు స్వామి ఏమని సెలవిచ్చారు?"

"ఏం సెప్పలేదయ్యా. ఈ బండమీదే నా పక్కన కూకున్నాడు. పొద్దుగూకేదాకా నేను ఏడుస్తానే ఉండాను, ఆయన లెయ్యలేదు" అంటూ, ఆమె అలవాటు చొప్పున ఒక వారగా జరిగి, పక్కన చోటు వదిలి కూర్చుంది.

అప్పుడు అందరూ చూస్తుండగానే ఆమె కూర్చున్న శిల మైనంలా మెత్తబడి గుంటపడింది. వెంటనే, ఎవరూ లేని ఆ పక్కచోటు కూడా మనిషి బరువు మోపినట్టు మెల్లగా కుంగింది. ఎత్తిన గంటాలు కిందికి దిగాయి. లేఖకుడు ఏదీ మరవలేదని, జరిగింది జరిగినట్టే వదిలాడని గ్రహించిన సోమదత్తుడికి కన్నీళ్ళు ఆగలేదు. ఆ రాయని ఆకునే ఆయన గ్రంథానికి చివర కట్టించాడు.

తోడుబండ అని పేరొందిన ఈ శిల మీద ఆ రెండు గుంటలూ నేటికీ పక్కపక్కనే కనిపిస్తాయి. ఏటా పారాయణం ముగియగానే అర్చకుడు వట్టి ఆకును పైకెత్తి చూపుతాడు. ఆ ఏడాదిలో అయినవారిని పోగొట్టుకున్నవారు వచ్చి ఒక గుంటలో కూర్చుంటారు. ముఖపరిచయమైనా లేని యాత్రికుడెవరో వెళ్ళి రెండోదానిలో కూర్చుంటాడు. ఏడ్చేవారు లేచేదాకా తాను లేవడు.