రేగి కడుపునొప్పి

అనగనగా అంటే మరీ పాత సంగతేం కాదు పిల్లలూ. ఒక ఇప్పచెట్ల అడవిలో నేరేడమ్మ అనే చెవులపిల్లి ఉండేది. ఆమెకు ఒక్కతే కూతురు, పేరు రేగి. ఆ అడవిలో నెమలి పంతులుగారు బడి నడిపేవారు. "మా బడికి రాని పిల్లంటూ ఉండదు" అని ఆయన పురి విప్పి మరీ చెప్పుకునేవారు.

రేగికి మాత్రం రోజూ పొద్దున్నే కడుపునొప్పి వచ్చేది. బడి వేళ దాటగానే పోయేది. ఆదివారాలు అసలు వచ్చేదే కాదు.

"దొంగ నొప్పి! గారం ఎక్కువైంది నేరేడూ, నాలుగు తగిలించు" అంది పక్క పొదలోని ముంగిస పెద్దమ్మ.

నేరేడమ్మకు చెయ్యి రాలేదు. గట్టిగా కేకలు మాత్రం వేసింది. రేగి ఏడుస్తూ బడి దాకా వెళ్ళి, పక్కనున్న తుప్పల్లో దాక్కుంది.

మర్నాడు ఎలుగు వైద్యుడు వచ్చాడు. నాలుక చూడలేదు, పొట్ట నొక్కలేదు. "వేపాకు, కాకరాకు కాచి మూడు పూటలా తాగించు" అన్నాడు. రేగి మూడు రోజులు తాగింది. ఉన్న నొప్పి తగ్గలేదు సరికదా, వాంతులు కూడా మొదలయ్యాయి.

"చూశావా, మందు పనిచేస్తోంది!" అన్నాడు వైద్యుడు సంతోషంగా.

ఆ తర్వాత నెమలి పంతులుగారే వచ్చారు. "మీ పిల్ల వల్ల నా బడి పేరు పోతోందమ్మా. ఈ నెలలో ఒక్కరోజు కూడా హాజరు లేదు. సోమవారం నుంచి రాకపోతే పేరు కొట్టేస్తాను. అప్పుడిక బడికి రాని పిల్లే ఉండదు" అని చెప్పి, తోక సర్దుకుంటూ వెళ్ళిపోయారు.

నేరేడమ్మ ఆ మాట దగ్గరే ఆగిపోయింది. ఒక్కరోజు కూడానా? నెల మొదట్లో వారం రోజులు తనే స్వయంగా తరగతిలో కూర్చోబెట్టి వచ్చిందే!

ఆమె వెళ్ళి కూతురి పక్కన చతికిలబడింది. ఈసారి కేకలు వేయలేదు.

"బడిలో అన్నిటికంటే ముందు ఏం చేస్తారే, రేగీ?"

"పేర్లు పిలుస్తారు."

"పిలిస్తే?"

రేగి గడ్డి పీకసాగింది. "హాజరు అనాలమ్మా. అందరూ నావైపు చూస్తుంటే ఆ మాట రాదు. హ... హ... హ... అని ఆగిపోతాను. నవ్వుతున్నానని పంతులుగారు బయట నిలబెడతారు. అప్పుడు అందరూ నిజంగా నవ్వుతారు."

నేరేడమ్మకు తను వేసిన కేకలు, పోసిన కషాయం గుర్తొచ్చాయి. "ఇన్నాళ్ళూ చెప్పలేదేం తల్లీ?"

"ఎవరూ అడగలేదుగా. అందరూ చెప్పారు."

సోమవారం తల్లీకూతుళ్ళు కలిసి బడికి వెళ్ళారు.

"పంతులుగారూ, మా పిల్ల నవ్వడం లేదు. మాట తడబడుతోంది. పేరు పిలిచినప్పుడు చెవి ఎత్తితే, వచ్చిందని మీకు కనబడదా?"

పంతులుగారు మెడ అటూ ఇటూ తిప్పారు. రేగి చెవులు ఆమె ఒంటిలో సగం ఉన్నాయి. కనబడవని అనడానికి వీల్లేకపోయింది.

"సరే" అన్నారు ఆయన. రేగి పేరు పిలిచారు. చెవి వణుకుతూ లేచింది. ఎవరూ నవ్వలేదు.

ఆ రోజంతా నేరేడమ్మ గుమ్మం పక్కనే కూర్చుంది. రెండో రోజు కాస్త దూరంగా, బాట మలుపులో కూర్చుంది. మూడో రోజు రేగే వెనక్కి తిరిగి, "నువ్వింక ఇంటికి పో అమ్మా, సిగ్గేస్తోంది" అంది.

నెల తిరిగేసరికి రేగి కడుపునొప్పి పోయి రోజూ బడికి వెళ్తోందని అడవంతా తెలిసింది. చెవి ఎత్తడం తన కొత్త బోధనా పద్ధతి అన్నారు పంతులుగారు. కషాయం ఆలస్యంగా పట్టిందన్నాడు వైద్యుడు. కేకలు వేయమంది తనేనని చెప్పుకుంది పెద్దమ్మ. కేకలు కాదు, తన్నమందని ఎవరికీ గుర్తులేదు.

నేరేడమ్మ ఎవరితోనూ వాదించలేదు. ఆమెకు తీరిక లేదు. రేగి అప్పుడే బడి నుంచి వచ్చి, ఆ రోజు ముచ్చట్లు మొదలుపెట్టింది. ప్రతి మాటా సగంలో ఆగి, మళ్ళీ మొదలవుతోంది. చెప్పడం పూర్తయ్యేసరికి పొద్దు వాలింది. తల్లి ఒక్క మాట కూడా అందించలేదు. రేగే అన్నీ చెప్పింది.

నీతి: పిల్ల బడికి ఎందుకు వెళ్ళదో చెప్పేవాళ్ళు అడవి నిండా ఉంటారు, తెలిసింది ఆ పిల్ల ఒక్కదానికే, కాబట్టి ముందు ఆమెను అడగాలి, అడిగాక ఆగి వినాలి.