కాలువలో లేని మురికి

తాను చేసిన చట్టాలను చూసుకుని తానే మురిసిపోయే రాజొకడు ఉండేవాడు. ఊరికాలువను మురికి చేసినవాడికి కొరడా దెబ్బలు తప్పవని ఆయన చాటింపు వేయించాడు. కాలువలో గేదెను కడిగినందుకు దివాణం బట్టలు ఉతికే చాకలి నూకాలు మొగుడు ఆ దెబ్బలు తిన్నాడు కూడా.

అదే కాలువలోకి రాజుగారి అద్దకపు కార్ఖానా రోజూ నీలిమందు నీళ్లు వదిలేది. ఆ నీళ్లు తాగి, దిగువనున్న నూకాలు పేటలో ఇద్దరు పిల్లలు చచ్చిపోయారు. నూకాలు వెళ్లి మంత్రి దగ్గర మొరపెట్టుకుంది.

"చట్టం జనానికే గానీ దివాణానికి కాదు. దివాణం వదిలింది మురికి కిందికి రాదు, పో!" అన్నాడు మంత్రి.

నూకాలు తిరిగొచ్చి, రాజుగారి తెల్లబట్టల మూటను ఆ కాలువలోనే ఉతికింది. పంచెలన్నింటికీ నీలం మరకలయ్యాయి. రాజు మండిపడి ఆమెను సభకు ఈడ్పించాడు.

"మా బట్టలే పాడుచేస్తావా?"

"ఎట్లా పాడవుతాయి ప్రభూ? ఆ నీళ్లలో మురికే లేదని మంత్రిగారు సెలవిచ్చారు. లేని మురికి బట్టలకు అంటిందంటారా, కొరడాను ముందు కార్ఖానాకు పంపండి. అంటలేదంటారా, ఆ పంచె కట్టుకోండి."

రాజు పెద్దగా నవ్వి, "శభాష్! నీ తెలివికి మెచ్చాం" అంటూ ఆమెకు పట్టుచీర పెట్టి పంపాడు.

మర్నాడే కొత్త ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట దివాణం బట్టలు కోట లోపల, కార్ఖానాకు ఎగువన ఉన్న రేవులో ఉతకాలట.

పేట పిల్లలు మాత్రం దిగువనే, ఆ నీలం నీళ్లే తాగారు.