రెండు వైపులా ఒకే వకీలు

గుమ్మం తొక్కిన ఏ పార్టీనీ వదులుకోలేని ఆశపోతు వకీలు ఒకాయన చీరాలలో ఉండేవాడు, పేరు దక్షిణామూర్తి.

ఒకనాడు బట్టల కొట్టు కోటిలింగం, అతని భార్య నాగవేణి విడాకుల కోసం కలిసే ఆయన దగ్గరికి వచ్చారు. ఆరేళ్ల కూతురు లిఖిత తల్లి దగ్గరే ఉండాలని ఇద్దరూ ఒప్పుకున్నారు.

"నేను వేరే వకీలుని పెట్టుకోవాలేమోనండీ," అంది నాగవేణి.

"ఎందుకమ్మా దండగ? పెళ్లికి రెండు వైపులకీ ఒకే పంతులు సరిపోయాడు. విడాకులకి ఒకే వకీలు సరిపోడా?" అని నవ్వాడు దక్షిణామూర్తి. పంతులు ముడివేసేవాడు, తను ముడి విప్పేవాడు. ఆ తేడా తెలియక కాదు, తెలిసే అన్నాడు మహానుభావుడు.

తర్వాత ఆమెను విడిగా కూర్చోబెట్టి, "వైద్యుడి దగ్గరా వకీలు దగ్గరా ఏదీ దాచకూడదమ్మా," అన్నాడు. పిచ్చిది, నమ్మింది. పిల్ల పుట్టిన కొత్తలో పుట్టింట్లో ఉండగా, దిగులుతో ఓసారి నిద్రమాత్రలు మింగానని చెప్పింది. అమ్మావాళ్లు బతికించుకున్నారని, ఆ సంగతి భర్తకు కూడా తెలియదని ఏడ్చింది.

"ఈ మాట నా కడుపులోనే ఉంటుంది," అన్నాడాయన.

కొన్నాళ్లకి కోటిలింగం మాట మార్చాడు. మనవరాలిని వదలనని వాళ్లమ్మ పట్టుబట్టింది. దాంతో పిల్ల తనకే కావాలని కేసు వేస్తానన్నాడు. అప్పుడైనా దక్షిణామూర్తి ఇద్దరికీ దండం పెట్టి తప్పుకోవాల్సింది. తప్పుకుంటాడా? కొట్టున్న పార్టీ, బరువైన పార్టీ. నాగవేణిని ఇంకొకరిని చూసుకోమని పంపేసి, కోటిలింగం తరఫున నిలబడ్డాడు. కేసు చేజారేలా ఉందనిపించగానే కడుపులో మాట బయటికి తీశాడు.

"నిద్రమాత్రలు మింగారా, లేదా?" అని బోనులో ఉన్న నాగవేణిని అడిగాడు.

ఆమె నిర్ఘాంతపోయింది. "అది మీ ఒక్కరికే చెప్పాను కదండీ," అంది.

ఆమె కొత్త వకీలు లేచి అడ్డుపడేలోపే ఆ మాట ఆమె నోరు దాటిపోయింది. అదే ఆమెకు ఎదురు సాక్ష్యమైంది. పిల్లని తండ్రికి అప్పగించారు.

నాగవేణి బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేసింది. "ఇద్దరి మేలూ కోరానండీ," అని అక్కడ నసిగాడు దక్షిణామూర్తి.

"ఒకరి రహస్యంతో ఇంకొకరిని గెలిపించడమా మేలు?" అన్నారు పెద్దలు. మూడేళ్లు ఏ కోర్టులోనూ వాదించకూడదని తీర్పిచ్చారు. కోటిలింగం కూడా తన కాగితాలు తీసుకుపోయాడు. "ఆవిడ మాట నా కోసం బయటపెట్టారు. రేపు నా మాట ఎవరికి చెప్తారో," అన్నాడు.

తీర్పు విని బయటికొస్తుంటే వరండాలో నాగవేణి ఎదురైంది. "పోనీలేమ్మా, నీకు న్యాయం జరిగింది," అన్నాడు దక్షిణామూర్తి తల వంచుకుని.

"మూడేళ్లకి మీ నల్లకోటు మీకొస్తుంది," అంది ఆమె. "నిన్న పిల్లని చూడ్డానికి వెళ్లాను. నాయనమ్మ వెనక దాక్కుంది. 'నీకు పిచ్చంటగా, దగ్గరికి రాకు' అంది. నా పిల్లని నాకెవరు తెచ్చిస్తారండీ?"



నీతి: నమ్మి చెప్పినవాళ్ల మాటను ఎదుటి పక్షానికి అమ్ముకోకూడదు. అమ్ముకున్నవాడికి శిక్ష పడినా, నమ్మినవాళ్లు పోగొట్టుకున్నది తిరిగి రాదు.