బీరవ్వ పొడిచిన ఉన్ని గొర్రె

పొడువు పొడువు సూదమ్మా
పోగూ పోగూ కలుపమ్మా
చెవులొచ్చె, కాళ్ళొచ్చె...

ఆ తర్వాత తోక గురించి ఏదో ఉంది తల్లీ. చిన్నప్పుడు నోటికి వచ్చేది. ఇప్పుడు అక్కడికి రాగానే ఆగిపోతోంది. కథ చెబుతుంటే అదే వస్తుందేమో చూద్దాం.

ఏమిటీ, ఈ ఉన్ని గొర్రె వాసనొస్తోందా? రేపు సబ్బు పెట్టి ఉతికేద్దామా? ముందు ఇటు తిరిగి పడుకో. దీని కథ విన్నాక నువ్వే చెబుదువుగాని.

అనగనగా ఒక ఊరు. ఆ ఊళ్ళో మనుషుల కంటే గొర్రెలెక్కువ. అక్కడ గొర్రెలు కాసే అయిలయ్యకు బీరవ్వ అని ఒక్కతే కూతురు. పదేళ్ళ పిల్ల.

వాళ్ళ మందలో బొల్లి అని ఒక గొర్రె ఉండేది. ఒళ్ళంతా నలుపు, నుదుటి మీద మాత్రం చింతాకంత తెలుపు. ముళ్ళకంపకు చిక్కి ఎడమ చెవి కొస చిరిగింది.

ఒకనాడు బొల్లి జబ్బు చేసి చచ్చిపోయింది. దాని పిల్లకు అప్పటికి ఇరవై రోజులు.

అప్పుడు అయిలయ్య ఆ పిల్లను ఇంకో తల్లి దగ్గర వదిలాడు. ఆ తల్లి వాసన చూసి, కుమ్మి తరిమేసింది. ఆ తర్వాత మేకపాలు పిండి వెదురుగొట్టంతో పోశాడు. పిల్ల నోరు బిగించింది. బలవంతాన నాలుగు చుక్కలు దిగితే గొప్ప. కొట్టంలో ఒక మూలకు పోయి నిలబడి, అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది.

"ఇట్లనే ఉంటే వారం గూడ బతకది బిడ్డా" అన్నాడు అయిలయ్య.

"నేను దానికి అమ్మను చేస్త నాయినా."

"ఏంటితోని చేస్తవే, మట్టితోనా?"

బొల్లి ఉన్ని ఇంట్లోనే ఉంది. గొంగడి నేద్దామని కత్తిరించి, కుంకుడు రసంలో కడిగి ఆరబెట్టారు. బీరవ్వ ఆ ఉన్నిని ఉండ చేసి దబ్బనంతో పొడిచింది. కొత్త దబ్బనం నున్నగా దిగి, నున్నగా బయటికొచ్చింది. ఉన్ని ఉన్నట్టే ఉంది.

అప్పుడు చూరులో దోపిన పాత దబ్బనం తీసింది. అది తుప్పు పట్టి గరుకుదేలింది. పొడిచినప్పుడల్లా నాలుగు పోగులు లోపలికి లాక్కుపోయింది. పొడిచే కొద్దీ ఉన్ని బిగిసింది. బాగా పొడిచిన చోట కళ్ళ గుంటలు పడ్డాయి. పొడవకుండా వదిలిన చోట బుగ్గలు ఉబ్బాయి. ఎంత వింతో చూడు! కుట్టు లేదు, జిగురు లేదు, ఉత్త పొడుపే.

మొదటి గొర్రె సాయంత్రానికి తయారైంది. "బిడ్డా, ఇది గొర్రెనా, పందికొక్కా?" అని నవ్వాడు అయిలయ్య. గొర్రెపిల్ల దాని వైపు చూడనైనా లేదు.

ఆ తర్వాత బీరవ్వ దాన్ని విప్పి మళ్ళీ పొడిచింది. వేళ్ళకు గుచ్చుకుంటే నోట్లో పెట్టుకుని మళ్ళీ పొడిచింది. నుదుట చింతాకంత తెలుపు పెట్టింది. ఎడమ చెవి కొస చింపింది. ఈ దిండంతే ఉంది గానీ, అచ్చం బొల్లే! దాన్ని వాకిట్లో ఎండబోసిన జొన్నల పక్కన పెడితే, పక్కింటి కిష్టవ్వ వచ్చి, "ఓ అయిలన్నా, నీ గొర్రె నా జొన్నల కాడ కూసున్నదయ్యా!" అని చీపురుతో ఒక్కటేసింది. తర్వాత తనే నాలుక కరుచుకుంది.

పిల్ల మాత్రం వచ్చింది, వాసన చూసింది, వెనక్కి తిరిగి తన మూలకు పోయింది. అప్పటికే దాని ముందుకాళ్ళు వణుకుతున్నాయి.

బీరవ్వకు ఏడుపొచ్చింది. వెళ్ళి ఆ మూలనే కూలబడింది. అప్పుడు చూసింది. అక్కడ ఒక పాత సంచి ఉంది. దాన్నిండా బొల్లి పొట్ట కింది ఉన్ని. పేడంటిందని, గొంగడికి పనికిరాదని పక్కన పడేశారు. పిల్ల ఆ సంచిలో ముక్కు పెట్టి నిలబడింది.

"నాయినా! మనం అమ్మను కడిగేసినం!" అని అరిచింది బీరవ్వ.

మూడోసారి ఆ మురికి ఉన్నినే గొర్రె మీద పరిచి, ఒళ్ళంతా పొడిచింది. ఆ తర్వాత దాన్ని ఒళ్ళో పెట్టుకుని, పొట్ట కింద నుంచి పాలు పోసిన వెదురుగొట్టం కొస బయటికి పెట్టింది.

పిల్ల వచ్చింది. వాసన చూసింది. మళ్ళీ చూసింది. ఒక్కసారి పొట్టలో తలతో పొడిచి, గొట్టం నోట పట్టింది. అప్పుడు దాని తోక ఆడింది తల్లీ! టపటపా టపటపా ఆడింది!

ఇదిగో, వచ్చేసింది పాట:

చెవులొచ్చె, కాళ్ళొచ్చె,
తోకొక్కటె ఆడదమ్మా,
ఆడే తోక పిల్లదమ్మా!

ఆ పిల్ల బతికింది. గడ్డి తిన్నది. ఒకనాడు మందతో పాటు వెనక్కి చూడకుండా మేతకు పోయింది.

ఆ బీరవ్వ మా పక్కింటి ముసలమ్మే. నేను నీ అంత ఉన్నప్పుడు ఆమెకు పళ్ళు లేవు. ఈ పాట నాకు నేర్పింది ఆమే. నేను పెళ్ళై బండెక్కిన రోజున ఈ గొర్రెను తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. మళ్ళీ నేను ఊరికి పోయేసరికి ఆమె లేదు.

కథేమో కంచికి, పిల్లేమో మందకి, మనమేమో నిద్దరకి.

ఉతుకుదామా మరి? ఆ రోజు బండి కదిలాక కూడా ఆమె నాలుగడుగులు వెంట నడిచి, ఒక్క మాటే అంది.

"దాన్ని మాత్రం ఉతకకు బిడ్డా."