నాలుగోసారి వచ్చిన దొయిమతి

ఈ సంగతి నాకు మొదట చెప్పినవాడు కిల్లో డొంబు. గెడ్డ, అంటే కొండవాగు, అవతలి వాళ్ళు తామే మొదట చెప్పామని ఇప్పుడు అంటున్నారు. ఆ రోజు డోలీ కింద భుజం పెట్టనివాళ్ళకు ఈ రోజు కథ మీద చెయ్యి వేసే హక్కు లేదు. డొంబు ముందు కొయ్య పట్టినవాడు. ఏడు మైళ్ళు మోశాడు, పది కాదు. ఈ కథలో వచ్చే శిష్యుడి మనసులో మాటలు శిష్యుడే అతనికి చెప్పాడు. అతను చెప్పింది చెప్పినట్టే చెబుతాను.

గుమ్మలగరువులో గాసి అనే ముసలి దిసారి ఉండేవాడు. దిసారి అంటే ఆ కొండల్లో మంచిచెడ్డ రోజులు చూసేవాడు, పుట్టినవాళ్ళకు పేరు పెట్టేవాడు, పోయేవాళ్ళ పక్కన కూర్చునేవాడు. అడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పడం అతనికి అలవాటు లేదు. అడిగినవాడు తన ప్రశ్న తానే మర్చిపోయినంతసేపు ఊరుకునేవాడు. అతని దగ్గర సుందర్రావు అనే ముప్పయ్యేళ్ళ మనిషి మూడేళ్ళుగా పని నేర్చుకుంటున్నాడు. పదో తరగతి దాకా చదివాడు గాని బియ్యం వెయ్యడానికి మాత్రం గురువు ఇంకా ఒప్పుకోలేదు.

బియ్యం వెయ్యడం అంటే ఇది. బిడ్డ పుట్టిన పదకొండో రోజున ఆనపబుర్రలో నీళ్ళు పోసి, ఆ ఇంట్లో చచ్చినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలుస్తూ రెండేసి గింజలు జారవిడుస్తారు. ఏ పేరు దగ్గర రెండు గింజలూ ఒకదాన్నొకటి తాకి ఆగితే, ఆ చచ్చినవాళ్ళే తిరిగి వచ్చారని. బిడ్డకు ఆ పేరే పెడతారు.

శ్రావణంలో ఒక పొద్దున్న, వాన పట్టి మూడోరోజు, సుందర్రావు వలిస గింజల నూనె కాస్తూ అడిగాడు.

"గురువా, గింజలు కలిసినప్పుడు చచ్చినవాళ్ళు నిజంగానే వస్తారా? లేపోతే మనమే పిలిచి కూర్చోబెడతన్నామా?"

గాసి నూనె వంక చూశాడు. అంతలో కొర్రా బొంజుబాబు తడిసిన గొంగడితో వాకిట్లోకి వచ్చాడు. ఏడవడం లేదు. కంగారు లేదు. పక్క ఊరికి చుట్టాన్ని సాగనంపే మనిషిలా ఉన్నాడు.

"దొయిమతి బయలెల్లిపోతంది, తాతా. మసి కలిపేసింది మా ఇంటిది. నువ్వొచ్చి కూకో."

ఆ ఇంటి సంగతి ఊరందరికీ తెలిసిందే. బొంజుబాబు మొదటి కూతురు దొయిమతికి ఏడో నెలలోనే చేతులూ పాదాలూ ఉబ్బాయి. నడక వచ్చాక వాన పట్టినప్పుడల్లా ఎముకలు పట్టుకుని మెలికలు తిరిగేది, కళ్ళు పసుపు ముద్దలయ్యేవి. ఆరేళ్ళకు పోయింది. పూడ్చే ముందు తల్లి సొన్నాయి పిల్ల ఎడమ చెవి వెనక మసిబొట్టు పెట్టింది, మళ్ళీ వస్తే గుర్తుపట్టడానికి. మరుసటి ఏడు ఇంకొక ఆడపిల్ల పుట్టింది. గాసి వేసిన గింజలు దొయిమతి పేరు దగ్గర ఆగాయి. చెవి వెనక మచ్చ ఉందన్నారు. అవే చేతులు, అవే కళ్ళు. మూడేళ్ళకు వెళ్ళిపోయింది. తరువాతిది నాలుగేళ్ళకు. ఇప్పుడున్నది నాలుగోది. ఆరేళ్ళు.

ముగ్గురూ నొప్పి వచ్చినప్పుడు ఒక్క మాటే అనేవారు. "ఎముకల్లో ఎవరో నడుస్తన్నారు." ముందుదాని మాట వెనకది ఎన్నడూ వినలేదు. అందుకే ఊళ్ళో ఎవరూ ఆ పిల్లలు చచ్చిపోయారని అనరు. దొయిమతి వెళ్ళింది, దొయిమతి వచ్చింది అంటారు. ఆశా వర్కరమ్మ రెండుసార్లు కొండెక్కి వచ్చి కింది ఆసుపత్రికి తీసుకుపొమ్మని చెప్పింది. సొన్నాయి ఒప్పుకోలేదు. తిరిగి వచ్చే మనిషి గెడ్డ దాటి అవతల పోతే దారి తప్పుతుంది, ఇంకొకరి కడుపు వెతుక్కుంటుంది అని ఆ కొండల్లో నమ్మకం. ప్రేమ లేక కాదు ఆమె మొయ్యనివ్వనిది. ప్రేమ ఉండబట్టే.

గురుశిష్యులు వెళ్ళేసరికి ఇల్లు శుభ్రంగా అలికి ఉంది. మూలన తాడు మీద పసిబిడ్డ గుడ్డలు ఉతికి ఆరేసి ఉన్నాయి. ఆ ఇంట్లో పసిబిడ్డ ఎవరూ లేరు. సుందర్రావు ఆ గుడ్డల వంక చూసి చూపు తిప్పుకున్నాడు. సొన్నాయి చిప్పలో మసి, నూనె కలిపి వేలితో తిప్పుతోంది. వచ్చినవాళ్ళకు పీట వేసింది, అంబలి తాగుతారా అని అడిగింది.

పిల్ల పొయ్యి పక్కన చాప మీద పడుకుని ఉంది. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుంది. ఊపిరి కుక్కపిల్ల ఊపిరిలా కొట్టుకుంటోంది. సుందర్రావు పక్కన కూర్చుని నుదుటి మీద చెయ్యి వేశాడు.

"ఎక్కడమ్మా నొప్పి?"

అప్పుడు అతను ఒకటి చూశాడు. పిల్ల నోరు తెరవకముందే మసి తిప్పుతున్న తల్లి పెదవులు కదిలాయి. చప్పుడు లేదు. ఆమె పెదవులు మాట ముగించిన తరువాత పిల్ల అంది.

"ఎముకల్లో ఎవరో నడుస్తన్నారు."

వాన చప్పుడు ఉన్నా ఇంట్లో ఏదో ఆగిపోయినట్టయింది. సుందర్రావు గురువు వంక తిరిగాడు. గురువు ఆ పెదవులు చూశాడో లేదో తెలియదు.

పోయేవాళ్ళను దిసారి అడగవలసిన మాట ఒకటుంది. గాసి ఆ ఇంట్లో అదివరకు మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ ఒక్కటే జవాబు వచ్చింది. అతను పిల్ల తల దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"దొయిమతీ, మళ్ళీ వస్తావా?"

సొన్నాయి పెదవులు మళ్ళీ కదిలాయి. ఆ పెదవులు "వస్తాను" అన్నాయి. పిల్ల అనలేదు. కళ్ళు తెరిచి ముసలివాడి ముఖం వంక, తెలియని మనిషి ముఖం వంక చూసినట్టు చూసింది.

"మళ్ళీ ఏటి తాతా? నాను ఇంతకుముందెప్పుడూ రాలేదు." కాసేపు ఊపిరి తీసుకుంది. "దాహం."

ఎవరూ కదల్లేదు. చివరకు నీళ్ళు పట్టింది సుందర్రావు. రెండు బుర్రలు తాగింది. తాగుతున్నంతసేపూ సొన్నాయి పిల్లను చూడలేదు. మసి అంటిన తన వేలిని చూసుకుంటూ కూర్చుంది. తరువాత ఎవరిని అడుగుతుందో తెలియకుండా, మెల్లగా అడిగింది.

"అయితే ఆ ముగ్గురూ ఎక్కడున్నారు?"

బొంజుబాబు భార్య వంక చూశాడు, దిసారి వంక చూశాడు. గాసి నోటి నుంచి మాట రాలేదు. గాసి మాట లేకుండా ఉండడం సుందర్రావు అదివరకు చాలాసార్లు చూశాడు గాని, అవన్నీ చెప్పడం ఇష్టం లేక ఊరుకోవడాలు. ఇది వేరు.

సొన్నాయి లేచింది. మసి చిప్ప పొయ్యిలో బోర్లించింది. దండెం మీది పాత కోక లాగి దులిపి మగడి చేతిలో పెట్టింది.

"డోలీ కట్టు."

వెదురు కొయ్యకు కోక కట్టి పిల్లను అందులో పడుకోబెట్టారు. మొయ్యడానికి నలుగురు, మార్చుకోవడానికి మరి నలుగురు కావాలి. డొంబు వచ్చాడు, అతని తమ్ముడు వచ్చాడు, బొంజుబాబు, సుందర్రావు ఉన్నారు. గెడ్డ దాటాక అవతలి వాడలో నలుగురిని అడిగారు. వాళ్ళు అరుగుల మీద చుట్టలు కాలుస్తూ కూర్చున్నారు. పేర్లు రాయను. వాళ్ళకు తెలుసు.

"వొచ్చీపోయే చుట్టానికి పల్లకీ ఏటర్రా?" అన్నాడు వాళ్ళలో ఒకడు. "వొదిలెయ్యండి. ఏడాదికి తనే వొస్తాది."

డొంబు కొయ్య దించకుండానే తిరిగాడు. "నీ పెళ్ళాం పురిటికి మోసింది ఈ భుజమే బావా. ఆ రోజు ఎవరొస్తారు, ఎవరు పోతారు అని నన్నడిగావా?"

బావ లేవలేదు. నలుగురే మోశారు. ఐదో భుజం గాసిది. డెబ్బై దాటినవాడు, రెండుచోట్ల కొయ్య పట్టాడు. వద్దంటే తిట్టాడు.

దారి పొడుగునా వాన. కోక మీద గొంగడి కప్పినా నీళ్ళు లోపలికి కారుతూనే ఉన్నాయి. పిల్లకు చలి తగలకూడదని సొన్నాయి తన పైట విప్పి చుట్టింది. గాసికి కొయ్య ఇచ్చి డోలీ పక్కనే నడుస్తున్న సుందర్రావు పిల్ల తల సర్దబోయి ఎడమ చెవి వెనక చూశాడు. ఊరంతా చెప్పుకునే మచ్చ. పుట్టుకతో వచ్చిందన్న మచ్చ. వాన నీటికి అది నల్లగా కరిగి మెడ మీదికి కారుతోంది. అతను తల ఎత్తేసరికి సొన్నాయి అతన్నే చూస్తోంది. ఆమె కొంగు చివరతో ఆ చోటు తుడిచింది. కొంచెం దూరం పోయాక మళ్ళీ తుడిచింది.

రోడ్డు దగ్గర అంబులెన్సుకు రెండు గంటలు కాచుకున్నారు. ఆసుపత్రిలో పిల్లకు సెలైను పెట్టారు, మరునాడు రక్తం ఎక్కించారు. డాక్టరు తల్లిదండ్రుల వేళ్ళు కూడా గుచ్చి చూశాడు. దీన్ని సికిల్ సెల్ అంటారన్నాడు. రక్తంలో కణాలు కొడవలిలా వంగిపోయి సన్నటి నరాల్లో అడ్డం పడతాయి, ఆ నొప్పే ఎముకల్లో తిరిగేది అన్నాడు. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వచ్చిందన్నాడు. చలి తగలనివ్వొద్దు, నీళ్ళు బాగా తాగించండి, రోజూ మాత్ర వెయ్యండి, నెలకోసారి వచ్చి తీసుకెళ్ళండి అన్నాడు.

"నెలకోసారి ఏడు మైళ్ళు," అన్నాడు బొంజుబాబు, తనలో తాను.

"మోస్తాంలే," అన్నాడు డొంబు.

సొన్నాయి ఒక్కటే అడిగింది. "ముందు పుట్టినవాళ్ళకి కూడా ఇదేనా బాబూ?"

"అయి ఉంటుందమ్మా. ఎంతమంది?"

ఆమె మూడు వేళ్ళు చూపించింది. పక్కనున్న నర్సు ఊరి పుట్టుకలూ చావులూ రాసిన పెద్ద పుస్తకం తెచ్చి తిప్పింది. సుందర్రావు భుజం మీదుగా వంగి చదివాడు. గుమ్మలగరువు, కొర్రా దొయిమతి, ఆడ, తల్లి సొన్నాయి, మరణం. కింద అదే పేరు, అదే తల్లి. ఇంకాస్త కింద మళ్ళీ. రెండో దాని మీద, మూడో దాని మీద ఎవరో ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టి, పక్కన రాశారు: ఒకే మనిషిని మళ్ళీ రాశారు.

"ఇందులో ఒక్కతే ఉందమ్మా," అంది నర్సు.

సుందర్రావు బయటికి వచ్చాడు. గాసి వరండా బల్ల మీద, కొయ్య ఒరుసుకున్న భుజానికి తడిగుడ్డ వేసుకుని కూర్చున్నాడు. శిష్యుడు పుస్తకంలో ఉన్నది చెప్పాడు. ఎర్ర గీతల సంగతీ చెప్పాడు.

ముసలివాడు భుజం మీది తడిగుడ్డ తీసి పిండాడు. లోపల పిల్ల ఎవరినో అన్నం అడుగుతోంది.

"నీకు రాత వొచ్చుగదా," అన్నాడు చివరకు. "లోపలికెల్లి ఆ గీతలు తీయించు. ముగ్గురని రాయమను. ఎవరు సెప్పారంటే, బియ్యం వేసినోడే సెప్పాడను."