దారం లేని నలభై ఆకులు

సిద్ధప్ప వ్యాసం మొదలుపెట్టి పన్నెండు రోజులైంది. నలభై తాటాకులు నిండాయి. బావి సంగతి మాత్రం ఇంకా రాలేదు.

అసలు ఆ వ్యాసమంతా బావి కోసమే. నల్లమల అంచున ఉన్న ఆ వైద్యమఠంలో ఒక పద్ధతి ఉండేది. చదువు ముగించే ప్రతి శిష్యుడూ ఏదో ఒక ప్రశ్న పట్టుకుని, తనంతట తాను తిరిగి, చూసి, నలుగురినీ అడిగి, తేలినదాన్ని వ్యాసంగా రాసి చదవాలి. సిద్ధప్ప తన ఊరి ప్రశ్నే పట్టుకున్నాడు. వానలు పడగానే పడమటి వీధికే జ్వరాలెందుకు వస్తాయి? కిందటేడు అతని చెల్లెలు నీలమ్మ ఆ జ్వరంతో మూడు నెలలు లేవలేదు. పిల్ల బతికి బట్టకట్టింది, అంతే చాలు. ఆ బాధతోనే ఏడాదిపాటు గడపగడపా తిరిగి, తప్పంతా బావిదేనని తేల్చుకున్నాడు. ఇంకో పదిరోజుల్లో ఊరి పెద్దలు మఠానికొచ్చి వింటారు. వాళ్ళు తలూపితే వానలకు ముందే బావి బాగుపడుతుంది. ఊపకపోతే పడమటి వీధి మళ్ళీ మంచం పడుతుంది.

అంత తెలిసినవాడు తిన్నగా ఆ సంగతి రాయొచ్చు కదా! రాయడే. ఊరు ఎప్పుడు పుట్టిందో రాశాడు. జ్వరాల్లో రకాలు రాశాడు. ఒక అవ్వ చెప్పిన కషాయం భలే నచ్చిందని అదీ రాశాడు. గంటం చేతికొస్తే చాలు, ఇక ఆగడు.

మఠంలో ఎవరు రాసినా ముందు ఆకులకు రంధ్రాలు పొడిచి, వాటి చుట్టూ చోటు వదిలి రాస్తారు. దారం ఎక్కించాలి మరి. సిద్ధప్పకి అంత ఓపికేదీ? "ముందు రాసేస్తాను. రంధ్రాలదేముంది, చివర్లో పొడుచుకోవచ్చు" అన్నాడు. ఆకుకి ఈ కొస నుంచి ఆ కొస దాకా అక్షరాలు కిక్కిరిసిపోయాయి.

పదమూడో రోజు పొద్దున్నే కట్ట చంకన పెట్టుకుని గురువు దగ్గరికి వెళ్ళాడు. గురువు మడివాళయ్య వంటింటి అరుగు మీద కూర్చుని కరక్కాయలు ఏరుతున్నాడు. పక్కన వంట చేసే గంగవ్వ చింతపండులో గింజలు తీస్తోంది.

"స్వామీ, నా వ్యాసం వింటారా?"

"వినకపోతే ఊరుకుంటావా? ఇటివ్వు. నేను చదువుతాను, నువ్వు విను."

గురువు కట్ట తీసుకుని, కళ్ళలో ఎండ పడుతోందంటూ అటు తిరిగి కూర్చున్నాడు. కాసేపు ఆకులు సర్దుకున్నాడు. ఆ తర్వాత గొంతు సవరించుకుని, నలభై ఆకులూ రాగం తీస్తూ చదివాడు. సిద్ధప్ప కళ్ళు మూసుకుని, తన మాటలకు తానే తలూపుతూ విన్నాడు. గంగవ్వ చేతిలో చింతపండుతోనే కునుకు తీసింది.

"ఎలా ఉందిరా?"

"నేను చెప్పుకోకూడదు గానీ స్వామీ, బాగా కుదిరింది."

"ఎక్కడా వరస తప్పలేదుగా?"

"అబ్బే, లేదు స్వామీ!"

"అటు తిరిగినప్పుడు ఆకులన్నీ కలిపేశాను నాయనా. నేను మొదలుపెట్టిందే ముప్ఫయ్యొకటో ఆకుతో."

సిద్ధప్ప నోరు తెరిచాడు. గురువు నవ్విన నవ్వుకి గంగవ్వ ఉలిక్కిపడి లేచింది.

"అయిపోయిందా సామీ?"

"అయింది గానీ, నీకేం తెలిసింది గంగవ్వా?"

"మంచి ముచ్చట్లే. ఎవరికో జొరమొచ్చింది, పాపం."

గురువు దబ్బనం తీసి పై ఆకు నడిమధ్య ఆనించాడు.

"అయ్యో స్వామీ, అక్షరాలు పోతాయి!"

"మరి దారం ఎటునుంచి పోవాలిరా?"

గురువు ఆకు పొడవలేదు. బుట్టలోంచి ఏడు ఖాళీ ఆకులు తీసి, దబ్బనంతో సహా చేతిలో పెట్టాడు.

"ఇవి ఏడే. ఆకుకి ఒక్క మాట."

మళ్ళీ కరక్కాయల్లో పడిపోయాడు.

సిద్ధప్ప మొదట అలిగాడు. ఏడాది తిరుగుడు ఏడు మాటల్లోనా! అలక తీరాక రంధ్రాలు పొడిచాడు. ఒక మాట రాశాడు. దాని తర్వాత ఏది రావాలో తెలియక తల గోక్కున్నాడు. నాలుగుసార్లు దారం ఊడదీసి ఆకులు మార్చాడు. అవ్వ కషాయానికి ఎంత వెతికినా ఆకు దొరకలేదు. ప్రాణం ఉసూరుమంది, అయినా వదిలేశాడు.

పొద్దు వాలేవేళకి ఏడాకులూ తెచ్చి ఇచ్చాడు. గురువు దారం లాగేసి, ఈసారి వాళ్ళ కళ్ళెదుటే ఆకులు కలిపి, గంగవ్వకి చదివాడు.

"ఆ మూడిళ్ళలో జ్వరం లేదు."

"ఏ మూడిళ్ళు సామీ?"

"వానపడితే పశువుల దొడ్డినీళ్ళు అందులోకే దిగుతాయి."

"ఎందులోకి? ఇదేం చదువు సామీ, ముందుది వెనకా, వెనకది ముందూ! ఆ పిల్లాడికివ్వండి, వాడే సక్రమంగా చదువుతాడు."

సిద్ధప్ప ఆకులు అందుకున్నాడు. వరసలో పెట్టి, దారం ఎక్కించి, ఒక్కొక్కటే తిప్పుతూ చదివాడు.

"జ్వరం పడమటి వీధికే వస్తోంది."

"రెండు వీధులదీ ఒకటే తిండి, ఒకటే గాలి, బావులే వేరు."

"పడమటి వీధిలోనే మూడిళ్ళ వాళ్ళు తూర్పు బావి నీళ్ళు తెచ్చుకుంటారు."

"ఆ మూడిళ్ళలో జ్వరం లేదు."

గంగవ్వ చింతపండు పక్కన పెట్టేసింది. "ఆఁ, అయితే?"

"పడమటి బావికి గట్టు లేదు."

"వానపడితే పశువుల దొడ్డినీళ్ళు అందులోకే దిగుతాయి."

"ఛీ ఛీ! ఆ నీళ్ళా తాగేది?" గంగవ్వ ఒక్క ఉదుటున లేచి నిలబడింది. "ఆ బావికి గట్టు కట్టుకోరేం, వీళ్ళ మొహం మండా!"

సిద్ధప్ప ఏడో ఆకు తిప్పబోయి ఆగిపోయాడు. దాని మీద ఉన్నదీ ఆ మాటే.

"ఇక వ్యాసం రాయరా" అన్నాడు గురువు.